దణ్ణానికి పడ్డ ముక్క

కాసినోలో కొత్తవాళ్ళకి పేకబల్ల పాఠం చెప్పే చిశాలాకి చెవులంటే గిట్టదు. "చెవులు ఇంటి దగ్గర వదిలేసి రండి. బల్ల దగ్గర కళ్ళొక్కటే పనిచెయ్యాలి" అని రోజూ పొద్దున్నే మొదలుపెట్టేవాడు. ఆటగాడు నోటితో వెయ్యమంటే ముక్క వెయ్యకూడదు. నోటితో వద్దంటే ఆపకూడదు. చెయ్యి గుడ్డ మీద తడితే వెయ్యాలి, అరచెయ్యి అడ్డంగా ఊపితే ఆపాలి. పైనున్న కెమెరాకి చెవుల్లేవు కాబట్టి, రేపు తగాదా వస్తే అది చూసిందే సాక్ష్యం.

నసిలేలే ఈ పాఠాన్ని బాగానే వంటబట్టించుకుంది. పేక కలిపేటప్పుడు ముక్కల అంచు కనపడకూడదు, పెట్టెలోంచి ముక్కని లాగకూడదు, జార్చాలి. బల్ల వదిలేటప్పుడు రెండు అరచేతులూ తిప్పి చూపించాలి. యూనిఫామ్ ప్యాంటుకి జేబులు కుట్టేసి ఉంటాయి, ముక్కు తుడుచుకోడానికి రుమాలు పెట్టుకునే చోటు కూడా ఉండదు. లివింగ్‌స్టన్ ఊళ్ళో చదువుకున్న ఆడపిల్లకి హోటల్లో దుప్పట్లు మార్చడం కాకుండా వేరే పని దొరకడం గగనం. అందుకని జేబులు లేకపోయినా ఆమెకి బాధ లేదు. ఛాతీ మీద పేరు రాసిన ఇత్తడి బిళ్ళ ఒక్కటి వస్తే ఉద్యోగం గట్టిపడుతుంది. ఆ బిళ్ళ ఇవ్వాలా వద్దా అన్నది చిశాలా చేతిలో ఉంది.

పరీక్ష అసలు బల్ల దగ్గరే, అసలు జనంతోనే. మధ్యాహ్నం పూట హాలు ఖాళీగా ఉంటుంది కనక కొత్తవాళ్ళని అప్పుడే నిలబెడతారు. ఆ రోజు నసిలేలే బల్ల ముందు కజుంగులా దారిలో లారీ ఆపుకుని వచ్చిన డ్రైవరొకడు కూర్చుని ఉన్నాడు. వాడి పక్క కుర్చీలోకి నడుముకి చుట్టుకున్న చితెంగె గుడ్డ సర్దుకుంటూ ఒక పెద్దావిడ ఎక్కింది. పేరు నామతామ. మరాంబ బజారులో ఎండుచేపలు అమ్ముతుంది. కాసినోవాళ్ళు బజారులో పంచిన ఉచిత కూపన్ పట్టుకుని వచ్చింది. కుర్చీ ఎత్తుగా ఉండడంతో కాళ్ళు నేలకి అందలేదు.

"ఏం చల్లగా ఉందే తల్లీ ఇక్కడ! చేపలు కూడా కుళ్ళవు" అంది. కూపన్‌కి ఇచ్చిన పందెం బిళ్ళలు ముందు పెట్టుకుని, వాటితో పాటు చీరకొంగులాంటి చితెంగె మడతలోంచి తన డబ్బు కూడా తీసి బిళ్ళలు చేయించుకుంది.

నసిలేలే నవ్వకూడదు. నవ్వలేదు. ముక్కలు పంచింది. డ్రైవరుకి పన్నెండు. నామతామకి పదీ అయిదూ, మొత్తం పదిహేను. తన ముందు ఆరు. ముక్కలు పంచే బల్లవాడి ముందు ఆరు పడిందంటే ఆటగాళ్ళకి పండగే. కదలకుండా కూర్చుంటే చాలు, ఇరవై ఒకటి దాటి మునిగే భయం బల్లవాడిదే. డ్రైవరు ఆ సంగతి తెలిసినవాడు, అరచెయ్యి అడ్డంగా ఊపి సిగరెట్ తీశాడు.

నసిలేలే నామతామ వైపు తిరిగి, నేర్పినట్టే, అరచెయ్యి తెరిచి ఆమె ముందుకి చాపింది. మీ వంతు అని దానర్థం.

ఒక మనిషి అరచెయ్యి తెరిచి మర్యాదగా చాపితే లోజీ తెగ ఇంట్లో పుట్టిన పెద్దావిడ ఏం చేస్తుంది? చిన్నప్పట్నించీ చేసిందే చేస్తుంది. నామతామ తల వంచి, చేతులు దొన్నెలా ముడిచి, కిందికి దించి, మెల్లగా ఒకదానితో ఒకటి రెండుసార్లు తట్టింది. దించిన చేతుల వేళ్ళు ఆకుపచ్చ గుడ్డకి తగిలాయి.

నసిలేలే చెయ్యి పెట్టె మీద ఆగింది. అది దణ్ణమని ఆమెకి తెలుసు. తన అమ్మమ్మ నీళ్ళ చెంబు అందుకునేటప్పుడు అలాగే తట్టేది. తనూ రేపు ముసలిదైతే అలాగే తడుతుంది. కానీ వెనకాల, భుజానికి కొంచెం ఎడంగా, చిశాలా రాసుకున్న సబ్బు వాసన వస్తోంది. గుడ్డకి చెయ్యి తగిలితే ముక్క.

వేసింది. రాజు. రాజంటే పది, పదిహేనుకి కలిస్తే ఇరవై అయిదు. నామతామ మునిగింది. నసిలేలే ఆమె బిళ్ళల్ని లాగేసి తన ముక్క తీసింది. పది. ఆ తరవాతది నాలుగు. ఇరవై. పన్నెండు మీద ఆగిన డ్రైవరూ ఓడాడు.

"ఎవరమ్మా నువ్వు, పదిహేను మీద ముక్క అడిగావు!" డ్రైవరు లేచి అరిచాడు. "ఆ రాజు బల్లవాడికి పడాల్సింది. పదహారు మీద ఇంకో పది పడి చచ్చేవాడు. ఇంట్లో కూర్చుని చేపలు తోముకోక నీకెందుకిది? నువ్వు మునిగి నన్నూ ముంచావు!"

నామతామకి తను ఏం చేసిందో అర్థం కాలేదు. ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. డ్రైవరు వైపు తిరిగి చేతులు తట్టింది, క్షమించమని. తర్వాత నసిలేలే వైపు తిరిగి తట్టింది, ముక్క ఇచ్చినందుకు. కుర్చీ దిగడానికి కాసేపు తంటాలు పడి వెళ్ళిపోయింది.

పరీక్ష అయ్యాక చిశాలా గోడ పక్కకి పిలిచాడు. నవ్వుతున్నాడు.

"అది దణ్ణమని నీకు తెలుసు కదూ?"

నసిలేలే అలవాటుగా రెండు అరచేతులూ తిప్పి చూపించింది.

"మా అమ్మా అలాగే తడుతుంది. నాకు మాత్రం తెలీదా ఏంటి? నువ్వు ఆగుతావనుకున్నా. ఒక్క క్షణం ఆగావు కూడా. కానీ మొహం చూడకుండా చెయ్యి చూసి వేశావు. అదీ పనంటే" అని జేబులోంచి ఇత్తడి బిళ్ళ తీశాడు. అతనికి జేబులున్నాయి. ఆమె పేరు ముందే చెక్కించి పెట్టుకున్నాడు. బిళ్ళ గుచ్చుకోవడం ఆమెకి చేతకాకపోతే అతనే పిన్ను సరిచేసి ఇచ్చాడు.

తోటివాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు వినలేక నసిలేలే తల దించుకుంది.

*

ఇంట్లో వాళ్ళకి బిళ్ళ చూపించింది, అందరూ దాన్ని చేతులు మార్చుకుని చూశారు.  నసిలేలే చేసింది దొంగతనం కాదు. రూలు ప్రకారం చేసిందే. అయినా ఒక ముసలావిడ నమస్కారం పెడితే ఆవిడ చేతిలోది లాక్కున్నట్టు, అలా లాక్కోవడం చేతనవును కాబట్టే తనకి పని దొరికినట్టు అనిపించి సిగ్గుతో చచ్చిపోయింది.

వెళ్ళి చెప్పేయాలనుకుంది. తప్పు మీది కాదు పెద్దమ్మా, నాది. అంతే. ఎంతసేపు పడుతుంది? మర్నాడు డ్యూటీకి ముందే తెల్లచొక్కా వేసుకుని మరాంబ బజారుకి వెళ్ళింది. ఎండుచేపల వరస ఎక్కడో అడగక్కర్లేదు, ముక్కే చూపిస్తుంది.

నామతామ గోనె మీద చేపల్ని పరిమాణాల వారీగా కుప్పలు పెడుతోంది. పెద్ద చేపల తోకలన్నీ ఒకే వైపుకి తిప్పి, ఈగల్ని గుడ్డతో తోలుతూ తలెత్తింది.

"నువ్వా తల్లీ! ఆ చల్లటి గదిలో పిల్లవి కదూ? మెడ దగ్గర సీతాకోకచిలుక ఏదీ?"

"బో టైనా? సంచిలో ఉంది పెద్దమ్మా."

"బజారుకొస్తే ఎగిరిపోతుందని దాచావా?" అని తన మాటకి తనే నవ్వింది. "ఏం కావాలి? పెద్దవా, సన్నవా?"

నసిలేలే నోరు తెరిచింది. వచ్చిన మాట, "సన్నవి."

నామతామ డబ్బాతో సన్న చేపలు కొలిచి, పైన ఇంకో గుప్పెడు కొసరు వేసింది. ఆ కొసరు చూసేసరికి నసిలేలే ఇక ఆగలేకపోయింది.

"పెద్దమ్మా, నిన్న... అక్కడ మీరు చేతులు ఒళ్ళో పెట్టుకోవాలి. గుడ్డకి వేళ్ళు తగిలితే ముక్క కావాలని అర్థం."

నామతామ చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది. "అలాగా! అయితే తప్పు నాదేనన్నమాట. ఆ లారీ అబ్బాయి అరిచింది న్యాయమే. పాపం, వాడి డబ్బు కూడా నా మూలాన పోయింది. తిట్టుకున్నానే వాణ్ణి రాత్రంతా."

చెప్పడానికి ఇంతకన్నా మంచి అదను రాదు. నసిలేలేకి అది తెలుసు. పొట్లం రెండు చేతులా అందుకుని, చెప్పవలసింది మానేసి, "ఆట నేర్పనా పెద్దమ్మా?" అంది.

బల్లవాళ్ళు ఆటగాళ్ళకి ఆట నేర్పకూడదు. తెలిస్తే ఇత్తడి బిళ్ళ ఊడుతుంది. కానీ నిజం ఒప్పుకోవడం కన్నా ఉద్యోగం పోగొట్టుకోవడమే ఆమెకి ఆ క్షణంలో తేలికగా కనిపించింది. సాధన కోసమని కాసినో కొత్తవాళ్ళకిచ్చిన పాత పేక సంచిలోనే ఉంది. మళ్ళీ ఆటలో వాడకుండా ప్రతి ముక్కకీ నడుమ బెజ్జం పొడిచి ఉంటుంది. చేపల కుప్పల మధ్య కొంచెం చోటు చేసుకుని పంచడం మొదలుపెట్టింది.

నామతామ ఆ రోజు, మర్నాడు కూడా నేర్చుకుంది. బేరానికి మనిషొస్తే ముక్కలు మోకాలి కింద పెట్టుకుని చేపలు కొలిచి, మళ్ళీ తీసేది.

"బల్లవాడికి నాలుగో, అయిదో, ఆరో పడితే?" అని నసిలేలే అడిగేది.

"నోరు మూసుకుని కూర్చోవాలి. వాడి బండి వాడే బోల్తా కొట్టుకుంటాడు."

"మీకు పన్నెండో ఆపైనో ఉంటేనే కూర్చోవాలి, అంతకన్నా తక్కువైతే కాదు. వాడికి పది పడి, మీకు పదహారుంటే?"

"భయమేసినా ముక్క అడగాలి. ఇదేం న్యాయమే? పదహారుంటే సగం ఏట్లో ఉన్నట్టే, ఇంకా లోతుకి దిగమంటావా?"

"దిగకపోతే ఇంకా ఎక్కువసార్లు పోతుంది. రెండు ఎనిమిదులొస్తే విడదీసి రెండు ఆటలుగా ఆడాలి."

"కలిసొచ్చినవాళ్ళని విడదీస్తే పాపం కాదూ?"

"ఇక్కడ కాదు."

"రెండు పదులొస్తేనో?"

"వాటిని ముట్టుకోకండి."

"అంటే ఉన్నవాళ్ళ కాపరాలు చెడగొట్టకూడదు, లేనివాళ్ళవే చెడగొట్టాలి" అని నామతామ ఒళ్ళంతా ఊపుకుంటూ నవ్వింది. నసిలేలే కూడా నవ్వింది. గుండె మీద బరువు కొంచెం జారినట్టయింది.

కష్టమల్లా చేతులతోనే. ముక్క వెయ్యగానే నామతామ చేతులు వాటంతటవే దొన్నె కట్టేవి. "ఒళ్ళో!" అనేది నసిలేలే. ఉలిక్కిపడి దించేది. చివరికి ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకుంది. సొంత చేతినే దొంగలా పట్టుకుని కూర్చున్న ఆవిణ్ణి చూస్తే నసిలేలేకి ఏదోలా అనిపించేది. అయినా మంచికే అనుకుంది.

అన్నీ చెప్పింది. ఒక్కటి చెప్పలేదు. చిశాలా మొదటి రోజే, పేకైనా విప్పకముందు చెప్పిన మాట అది. "ఆటగాడు ముందు ఆడతాడు, ముందు మునుగుతాడు. తర్వాత మనం మునిగినా వాడి బిళ్ళలు మనవే. కిటుకంతా అక్కడే ఉంది. పైగా వాడి దగ్గర గుప్పెడు, మన దగ్గర బస్తా. తెలివితక్కువగా ఆడేవాడు తొందరగా ఓడతాడు, తెలివిగా ఆడేవాడు నెమ్మదిగా ఓడతాడు. తేడా అంతే. జీతాలెక్కణ్ణించి వస్తున్నాయనుకున్నారు?" ఆ మాట ముసలావిడకి చెబితే తను నేర్పిందంతా దేనికని అడుగుతుంది. అందుకే నసిలేలే మింగేసింది.

*

నామతామ మళ్ళీ కాసినోకొచ్చింది. ఈసారి కూపన్ లేదు. మణికట్టు పట్టుకుని కూర్చుంది. తడితే ఒక వేలితో, ఊపితే ఒక అంగుళం. మాట లేదు, తలవంపు లేదు. బల్లవాడికి అయిదు పడితే పదమూడు మీద ఆగింది. ఎనిమిదుల్ని విడదీసింది. గెలిచింది. వెళుతూ వెళుతూ నసిలేలే వైపు దొంగచూపు చూసి, పెదవి బిగించి నవ్వాపుకుంది.

ఆ నవ్వు చూసి నసిలేలేకి పాపం కడుక్కున్నంత సంబరమైంది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చేపల గోనె పక్కావిడకి అప్పజెప్పి వస్తోందని తెలిసింది. మెల్లగా బిళ్ళలు ఇటు జారడం మొదలైంది, ఎక్కడా తప్పు ఆడకుండానే. పదహారు మీద ముక్క అడిగి మునిగినప్పుడు నామతామ కోపగించుకోలేదు, సరిగ్గానే ఆడానన్నట్టు తలాడించింది. వచ్చిన మొదటి రోజు ఒక్క పందెంతో భయపడి వెళ్ళిపోయిన మనిషి ఇప్పుడు సాయంత్రం దాకా లేవడం లేదు.

"ఆ చేపలావిడని చూశావా?" అన్నాడు చిశాలా, టీ తాగుతూ. "ఎక్కడ నేర్చిందో గానీ పుస్తకంలో ఉన్నట్టే ఆడుతోంది."

నసిలేలే తన కప్పు కింద పెట్టింది. "ఆపుదామా సార్?"

"ఎందుకాపడం? ఇలాంటివాళ్ళే కావాలి మనకి. తెలీనివాడు ఒకసారి వచ్చి భయపడి పారిపోతాడు. తెలుసనుకున్నవాడు జీవితాంతం వస్తాడు."

ఆ సాయంత్రం నామతామ కుర్చీ దిగుతూ, ఎవరూ వినకుండా, "ఆదివారం పొద్దున బజారుకి రా తల్లీ. నీతో పనుంది. ఈసారి చీటీ నాది" అంది.

బజారు ఆడవాళ్ళ చీటీ అది. అందరూ వేస్తారు, వంతులవారీగా ఒక్కొక్కరు ఎత్తుకుంటారు. నామతామ తన వంతు ఎప్పుడొచ్చినా మోంగు ఊరి నుంచి వచ్చే చేపల బస్తాలకే పెడుతుంది. ఈసారి ఆ డబ్బు ఎక్కడికి రాబోతోందో నసిలేలేకి ఒకరు చెప్పక్కర్లేదు.

*

ఆదివారం వెళ్ళేసరికి చేపల వరస వెనక, రేకుల నీడన నలుగురు ఆడవాళ్ళు తిరగేసిన బుట్టల మీద కూర్చుని ఉన్నారు. మధ్యలో తన గోనె మడిచి పరిచి, నామతామ పెళ్ళి పెద్దలా తిరుగుతోంది.

"ఇదుగో, నే చెప్పిన పిల్ల! ఆ పెద్ద గదిలో కొలువు. నాకు గురువు" అంది. ఆడవాళ్ళందరూ తలలు వంచి చేతులు దొన్నె చేసి నసిలేలేకి తట్టారు. నామతామ ఒక్కతే తట్టలేదు. ఆవిడ ఎడమచెయ్యి కుడి మణికట్టు మీద ఉంది.

చీటీ పెట్టె ఒళ్ళో పెట్టుకున్నావిడ పేరు చోల్వే. టమాటాలు అమ్ముతుంది, ఎవర్నీ ఊరికే నమ్మదు. "నామతామ తన చీటీ నీ బల్ల మీద పెట్టి రెట్టింపు చేస్తానంటోంది. మమ్మల్నీ చేరమంటోంది. చేరేముందు ఆట చూద్దామని పిలిపించాం. నిజమేనా పిల్లా?" అంది.

నామతామ మొహం వెలిగిపోతోంది. బజారులో ఇన్నేళ్ళు కూర్చున్నా ఎవరికీ తెలియనిది తనకి తెలిసిందన్న వెలుగు. నసిలేలే ఆ మొహం చూస్తూ అబద్ధమూ ఆడలేకపోయింది, నిజమూ చెప్పలేకపోయింది.

"బొబ్బర్లున్నాయా?" అంది.

పక్క కొట్టునించి బొబ్బర్ల బస్తా ఈడ్చుకొచ్చారు. తలో గుప్పెడు ఇచ్చి, బస్తా తన వెనక పెట్టుకుంది. బెజ్జాల పేక కలిపింది. "పెద్దమ్మ ఎలా చెబితే అలా ఆడండి. తప్పు ఆడొద్దు" అంది.

నామతామ ఒక్కొక్కరి వెనకా నిలబడి చెప్పింది. కూర్చో. అడుగు. విడదియ్యి. వాడికి ఆరు పడింది, చేతులు కదపకే! ఒక్క మాటా తప్పు కాదు. మొదట్లో బొబ్బర్లు ఆడవాళ్ళ వైపుకే వెళ్ళాయి. కేకలు, నవ్వులు. చోల్వే ముందు చిన్న కుప్ప లేచింది.

"చాలు, లేవండి" అంది నసిలేలే.

"ఇప్పుడా? చెయ్యి తిరుగుతుంటే?" అంది చోల్వే. ఎవరూ లేవలేదు.

కుప్ప కరిగింది, మళ్ళీ కొంచెం పెరిగింది, మళ్ళీ కరిగింది. ఇద్దరు ముందే మునిగాక తనూ మునిగినప్పుడు నసిలేలే వాళ్ళ బొబ్బర్లు తిరిగివ్వలేదు. "అదేమిటి, నువ్వూ మునిగావుగా?" అన్నారు. "మీరు ముందు మునిగారు" అంది.  ఎండ రేకుల మీదికి ఎక్కే వేళకి ఒక్కొక్కరి చేతులూ ఖాళీ అయ్యాయి. ఆఖరి గింజ చోల్వేది. బొబ్బర్లన్నీ బస్తాలో ఉన్నాయి.

"ఎవరు తప్పాడారు?" అంది చోల్వే.

"ఎవరూ ఆడలేదు" అంది నసిలేలే. "బాగా ఆడితే నెమ్మదిగా పోతాయి. అంతే. పోకుండా ఉండే ఆట లేదు."

 చోల్వే పెట్టె మూత బిగించింది. "నామతామా, నీ చీటీ ఈసారి నీ చేతికివ్వం. మోంగు బస్తాలు వచ్చాక చేపలవాడికే ఇస్తాం. నీ మీద అనుమానంతో కాదు, నీ బతుకు పోకూడదని" అంది. మిగతావాళ్ళు అవునన్నారు. ఒకరిద్దరు నామతామ మొహం చూడలేక బుట్టలు సర్దుకున్నారు. కాసేపట్లో నీడన ఇద్దరే మిగిలారు.

డబ్బు దక్కింది. నసిలేలే కోరుకున్నదీ అదే. కానీ వరస వరసంతా ఇక నామతామని పసిపిల్లలా చూస్తుంది. అమ్మే చేపల డబ్బు కూడా ఎవరో వెనక నిలబడి లెక్కచూస్తారు.

నామతామ గోనె దులిపి మళ్ళీ పరిచింది. చేపల తోకలు ఒక్కో వైపు తిరిగి ఉంటే సరిచెయ్యలేదు.

"ఇది నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు నేర్పావు?"

ఇక దాచడానికి ఏమీ లేదు. "మొదటి రోజు మీరు తట్టింది ముక్క కోసం కాదని తెలుసు పెద్దమ్మా. దణ్ణమని తెలుసు. తెలిసే వేశాను. అది చెప్పుకోలేక నేర్పాను" అంది. 

నామతామ చాలాసేపు ఆమె ఛాతీ మీదున్న ఇత్తడి బిళ్ళ వైపు చూసింది. చదువు రాదు కాబట్టి ఆ పేరు చదవలేదు. కోప్పడుతుందేమోనని నసిలేలే ఎదురుచూసింది. తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది.

నామతామ లేచి, దారికి అడ్డమున్న బుట్టని పక్కకి జరిపింది, పెద్ద మనుషులొచ్చి వెళ్ళేటప్పుడు జరిపినట్టు.

"మీరు వెళ్ళండి మేడమ్" అంది. "ఇక్కడ ఎక్కువసేపు ఉంటే మీ చొక్కాకి చేపల వాసన పడుతుంది."